రాతిగొంతు

గొంతు పోయాక బీరయ్యకు అన్నిటికంటే కష్టమైంది గొర్రెలతోనే. మనుషులతో చేతులతోనో కళ్లతోనో పని నడిచిపోయేది. అతను పెదవి కదిపితే చాలు, ఏం కావాలో భార్య ఐలవ్వకు తెలిసిపోయేది. గొర్రెలకు చేతులూ కళ్లూ పట్టవు. వాటికి తెలిసింది పిలుపొక్కటే. గుట్టవాలు మీద చెల్లాచెదురుగా మేస్తున్న మందను ఒక్క కేకతో ఒర్రెవాగు దాటించిన మనిషి, ఇప్పుడు మెడకు తెల్లగుడ్డ కట్టుకుని, కర్రతో రాళ్లను కొడుతూ వాటి వెంట పరుగెత్తాల్సి వచ్చింది. ఈల వేద్దామన్నా కుదరదు. ఊపిరి నోటిదాకా రాదు. మెడ కింద డాక్టర్లు పెట్టిన రంధ్రంలోంచే వస్తుంది, పోతుంది.

చుట్టల వల్ల వచ్చిన క్యాన్సర్ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేస్తే ప్రాణం నిలుస్తుందన్నారు. తీసేశారు. ప్రాణం నిలిచింది.

వాళ్లది ప్రాణహిత ఒడ్డున ఒర్రెగూడెం. ఊరి వెనక ఎర్రమట్టి దిబ్బలు. వాన గట్టిగా కురిసినప్పుడల్లా ఆ దిబ్బల్లోంచి రాయిగా మారిన ఎముకలు బయటపడేవి. ఊళ్లో వాటిని రాకాసి బొక్కలనేవారు. బీరయ్య కూతురు స్వరూప చిన్నప్పుడు మంద వెంట వెళ్లి ఆ బొక్కల మీద కూర్చునే సద్ది తినేది. అవి ఎవరివో తెలుసుకోవాలన్న పట్టుదలే ఆమెను చదివించింది. ఇప్పుడు హైదరాబాదులో ఒక శిలాజాల ప్రయోగశాలలో పనిచేస్తోంది.

బీరయ్యకు ఆపరేషన్ జరిగిన ఏడాదే, ఒర్రెగూడెం దిబ్బల్లో దొరికిన ఒక పెద్ద రాతిపలక ఆమె బల్ల మీదికి వచ్చింది. ఎద్దంత ఒళ్లు, పొడవాటి మెడ ఉన్న సరీసృపం. దానికి ఇంకా పేరు పెట్టలేదు. ఎముకలు మామూలుగానే ఉన్నాయి. విచిత్రమంతా మెడలో ఉంది.

జంతువు చచ్చిపోతే మొదట పోయేవి మెత్తటి భాగాలే. చర్మం, కండ, పేగులు కొద్ది రోజుల్లో కుళ్లిపోతాయి. రాయిగా మారేదాకా ఆగగలిగేది ఎముక. ఈ జంతువు మాత్రం ఏదో వరదలో, సన్నటి ఇనుపమట్టిలో మెడదాకా కూరుకుపోయినట్టుంది. దాని రక్తంలోని ఇనుమూ, ఆ మట్టిలోని ఇనుమూ కలిసి గొంతులోని పొరల చుట్టూ తొడుగులా బిగుసుకున్నాయి. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు లోపలికి దారి దొరకలేదు. కోట్ల ఏళ్లు ఆ తలుపు మూసుకునే ఉంది.

ఆ తలుపు తీసే పద్ధతి స్వరూప కనిపెట్టింది. పలుచటి ఆమ్లం ఒక్కో చుక్కా వేస్తూ ఇనుమును కరిగించడం, కరిగినచోట వెంటనే ఉప్పునీరు నింపడం. తొందరపడితే పొర పొడైపోతుంది. నెలల తరబడి అదే పని. ఒక మధ్యాహ్నం ఆమె పట్టకారుతో తాకిన రాతిపొర తడి కాగితంలా వంగింది. వదలగానే మళ్లీ తన చోటికి వచ్చింది. స్వరూప పట్టకారు కింద పెట్టి, చేతులు కడుక్కుని, కాసేపు కిటికీ దగ్గర నిలబడింది. రాయి తన వేలికింద మెత్తబడిందన్న సంగతి ఎవరికి చెప్పాలో కూడా ఆమెకు వెంటనే తోచలేదు.

ఆ పొరలేమిటో పోల్చుకోవడానికి డాక్టర్ నస్రీన్‌ను పిలిపించారు. ఆమె గొంతు ఆపరేషన్లు చేసే సర్జన్. బీరయ్యకు ఆపరేషన్ చేసింది కూడా ఆమే. భూతద్దం కింద చాలాసేపు చూసి, "ఇవి స్వరతంత్రులే స్వరూపా" అంది. "మనవి రెండుంటాయి. దీనికి మడత మీద మడత ఉంది. ఇంత మందమైన మడతలు ఊగితే వచ్చే ధ్వని మన చెవికి అందనంత కిందిస్థాయిలో ఉంటుంది."

"ఊదిచూద్దామా?"

చిన్న పంపుతో గాలి వదిలారు. ఏమీ వినిపించలేదు. బల్ల మీద గ్లాసులో ఉన్న నీళ్లు మాత్రం సన్నగా వణికాయి. పంపు ఆపి తల తిప్పి చూస్తే నస్రీన్ కుర్చీలో లేదు. తలుపు దగ్గర, గడియ మీద చెయ్యేసి నిలబడి ఉంది.

"ఎక్కడికి డాక్టర్?"

నస్రీన్ తన చేతివంక చూసుకుంది. "తెలీదు. ఎప్పుడు లేచానో కూడా తెలీదు" అని నవ్వింది. స్వరూప కూడా నవ్వింది. భోజనం వేళ దాటిపోయింది, ఆకలికి అలా అయివుంటుందని ఇద్దరూ అనుకున్నారు.

తరువాత జరిగినదే అందరినీ నిజంగా ఆశ్చర్యపరిచింది. ఆ పొరలోని మాంసకృత్తుల జాలీ మీద మనిషి కణాలు వేస్తే అవి అతుక్కున్నాయి, బతికాయి, జాలీ వెంట పాకాయి. మరొకరి అవయవం పెడితే శరీరం తిప్పికొడుతుంది. దీన్ని తిప్పికొట్టలేదు. "ఇది ఎంత పాతదంటే, శత్రువని గుర్తుపట్టడానికి మన ఒంటికి దీని జ్ఞాపకమే లేదు" అన్నాడు ప్రయోగశాల పెద్ద డాక్టర్ సదాశివ. అందరికీ ఆ మాట నచ్చింది. స్వరపేటిక పోయిన మనిషికి కొత్తది పెంచవచ్చని తేలింది. మొదట మేకల మీద చేసి చూశారు. గాయం మానగానే వాటిని పరీక్ష కోసం చంపేశారు కాబట్టి అవి అరిచేదాకా ఎవరూ ఆగలేదు. మనిషి మీద ప్రయత్నించడానికి అనుమతులు వచ్చాయి.

ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు ఐలవ్వ వద్దంది.

"మంచిగనే ఉన్నం గద బిడ్డా. ఆయన మాట నాకు సమజైతది. గొర్లను నేను మలుపుకొస్తాన్న. మల్ల కోసుడెందుకు?"

బీరయ్య గోడకు ఆనుకుని వింటున్నాడు. లేచి వచ్చి కూతురి ముందు కూర్చున్నాడు. మెడకున్న తెల్లగుడ్డ విప్పి, రంధ్రం మీద వేలు పెట్టి చూపించాడు. తర్వాత అదే వేలితో తన పెదవులను తాకి, గుట్టవైపు చూపించాడు. అంతకుమించి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆపరేషన్ నస్రీనే చేసింది. మెత్తబడిన గొంతులో సగం తీసుకుని, బీరయ్య కణాలనే దాని మీద పెంచి, అతని మెడలో కుట్టింది. మిగిలిన సగం ప్రయోగశాలలోనే ఉండిపోయింది. గాయం మానాక మెడ మీది రంధ్రం మూసేశారు. మాట్లాడి చూడమన్న రోజున బీరయ్య చాలాసేపు నోరు తెరవలేదు. ఐలవ్వ మంచం పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఐలీ" అన్నాడు.

బొంగురుగా, పాత గొంతుకంటే బాగా కింద నుంచి వచ్చింది. ఐలవ్వ ఏడ్చింది. నస్రీన్ కళ్లద్దాలు తుడుచుకుంది. స్వరూపకు ఆ క్షణంలో ఇన్నేళ్ల చదువుకూ అర్థం దొరికినట్టనిపించింది.

ఊరికి వెళ్లిన మొదటి వారాల్లో బీరయ్య మాట్లాడినంతగా అంతకుముందెన్నడూ మాట్లాడలేదు. ఇంటింటికీ వెళ్లి పలకరించాడు. కూతురికి పొద్దునా సాయంత్రం ఫోన్ చేసేవాడు. "తిన్నవా బిడ్డా? ఏం కూర?" ఫోనులో ఆ గొంతు హాయిగా ఉండేది. ఆ ధ్వని అడుగున ఏముందో మోసుకెళ్లే శక్తి ఫోనుకు లేదని స్వరూపకు చాలా తర్వాత గానీ తట్టలేదు.

మొదట మారింది కుక్క. బీరయ్య కాళ్ల దగ్గర తప్ప పడుకోని కుక్క దొడ్డిగోడ అవతల పడుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. తరువాత మంద. గొంతు పూర్తిగా సర్దుకుందని నమ్మకం కుదిరాక, తెల్లారుతూనే బీరయ్య గుట్ట మీదికెక్కి గుండెనిండా ఊపిరి తీసుకుని పిలిచాడు. మేస్తున్న గొర్రెలు ఒక్కసారిగా తల లేపాయి. మరుక్షణం అతని నుంచి దూరంగా, ముళ్లకంచెల్లో పడి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పరుగెత్తాయి. అతను పిలుస్తున్నకొద్దీ ఇంకా ఇంకా దూరం పోయాయి. మందను వెతికి పోగుచేసేసరికి పొద్దు గూకింది. తొక్కిడిలో పడి చచ్చిన గొర్రెపిల్లలను ఐలవ్వ కొంగులో చుట్టి తెచ్చింది.

"కొత్త గొంతు గద. గుర్తువట్టలే" అన్నాడు బీరయ్య.

అప్పటికే ఐలవ్వ వేరే గదిలో పడుకుంటోంది. మధ్యాహ్నం అన్నం తిని బీరయ్య ఒరిగినప్పుడు, నిద్రలో అతని గొంతులోంచి ఒక సన్నటి మూలుగు వచ్చేది. అది చెవికి దాదాపు వినిపించేది కాదు. అర మీది గిన్నెలు కదిలేవి. ఆమె వీపు మీద చెమట పట్టేది. లేచి వాకిట్లోకి పోయి ఎండలో నిలబడేది. ఎందుకు నిలబడుతోందో ఆమెకే తెలిసేది కాదు.

ఊళ్లోనూ అంతే. హోటల్లో బీరయ్య వచ్చి కూర్చుంటే, చాయ్ సగంలోనే పెట్టి ఒకరి తర్వాత ఒకరు లేచిపోయేవాళ్లు. చంటిపిల్లలున్న ఇళ్ల తలుపులు అతని గొంతు వినగానే మూసుకునేవి. అవమానించాలని కాదు. వాళ్లు లేచేది కూడా గమనించకుండా లేచేవాళ్లు. బీరయ్యకు మాత్రం ఏ భయమూ లేదు. మాట్లాడినప్పుడల్లా ఛాతీలో వెచ్చగా, నిండుగా ఉండేది. అంత మంచి మాట అందరినీ ఎందుకు తరుముతోందో అతనికి అర్థం కాలేదు.

ఐలవ్వ చివరికి కూతురికి ఫోన్ చేసింది. "ఒక్కపాలి వచ్చిపో బిడ్డా" అంది. ఎందుకో చెప్పలేదు.

కొత్త గొంతు తీరు నమోదు చేసుకుందామని స్వరూప రికార్డరు తీసుకుని వచ్చింది. బస్సు దిగేసరికి బాపు బీరయ్యే ఎదురొచ్చాడు. నవ్వుతూ, చేతిలో సంచి అందుకుంటూ, "బక్కగైనవేందిరా?" అన్నాడు. ఎదురుగా ఉన్నది తన బాపే, అడిగింది ముద్దుగానే. కాళ్లు మాత్రం పారిపొమ్మంటున్నాయి. ఆమె భుజం మీది రికార్డరు పట్టీని గట్టిగా పట్టుకుని నిలబడింది. ఇంటిదాకా అతను ఏదో చెబుతూనే నడిచాడు. ఒక్క మాట కూడా ఆమె చెవికెక్కలేదు. పరుగెత్తకుండా ఉండటానికే ఉన్న బలమంతా సరిపోయింది.

బాపు మాట్లాడుతుంటే రికార్డరు గీసిన ధ్వనిగీతలను ఆమె నస్రీన్‌కు పంపింది. సాయంత్రానికి నస్రీన్ ఫోన్ చేసింది.

"కణాలు మీ నాన్నగారివే. కానీ జాలీ తన పాత మడతలను మళ్లీ తెచ్చుకుంటోంది. ఆయన పలికే ప్రతి మాట అడుగునా ఆ పాత ధ్వని కూడా పలుకుతోంది. ఆ రోజు నేను తలుపు దగ్గర ఉన్నాను, గుర్తుందా?"

"ఉంది."

"అది బతికిన కాలంలో మనవాళ్లు ఎలుకంత ఉండేవాళ్లు. బొరియల్లో దాక్కునేవాళ్లు. ఆ ధ్వని వినగానే పారిపోయినవే బతికి పిల్లల్ని కన్నాయి. గొర్రెలైనా, కుక్కలైనా, మనమైనా వాటి సంతానమే కదా. ఒంటికి దాని జ్ఞాపకం లేదనుకున్నాం. ఉంది. మనం వెతికినచోట లేదంతే."

"అంటే అది వేటాడేటప్పుడు పెట్టే అరుపా?"

"కాదనుకుంటా. ఆ పలక పక్కనే దొరికిన రెండో పలక శుభ్రం చేస్తున్నారు. అందులో చిన్నవి ఉన్నాయి, దాని పిల్లలు. బహుశా వాటిని దగ్గరికి పిలుచుకునే పిలుపేమో. పిల్లలకు అది అమ్మ గొంతు. వినే మిగతా అందరికీ చావు."

స్వరూప ఫోను పెట్టేసి చూస్తే, బాపు దొడ్డిలో ఒంటరిగా కూర్చుని, రానని మొండికేస్తున్న ఒక గొర్రెపిల్లకు గడ్డి చూపిస్తూ పిలుస్తున్నాడు. అది దడి మూలకు నక్కి వణుకుతోంది.

మర్నాడు ఐలవ్వ మందను ఒర్రె అవతలికి తోలుకుపోయింది. అన్నం తీసుకుని తండ్రీకూతుళ్లు వెనకాల బయల్దేరారు. హైదరాబాదు వెళ్లి గొంతు చూపించుకుందామని స్వరూప దారిలో చెప్పింది. ఎందుకన్నది ఇంకా చెప్పలేదు. దిబ్బ ఎక్కేసరికి ఒర్రె అవతల మంద కనిపించింది. ఐలవ్వ ఒక బండ మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆమె వెనక ఎండుగడ్డిలో పసుపుపచ్చగా ఏదో కదిలింది.

ఆ చలికాలం నది దాటి పెద్దపులి వచ్చిందని ఊరంతా చెప్పుకుంటూనే ఉన్నారు. అది పొట్ట నేలకానించి ఐలవ్వవైపే పాకుతోంది.

బీరయ్య అన్నంగిన్నె వదిలేశాడు. గుండె పగిలేలా అరిచాడు.

ఆ అరుపు ఎలా ఉందో స్వరూప తర్వాత ఎవరికీ చెప్పలేకపోయింది. విన్నట్టు కూడా ఆమెకు గుర్తులేదు. తెలివి వచ్చేసరికి ఆమె ఎర్రమట్టిలో బోర్లా పడి, వేళ్లతో నేలను తవ్వుతోంది. గోళ్లలోంచి నెత్తురు కారుతోంది. తల లేపి చూస్తే పులి లేదు. మంద లేదు. చెట్ల మీద ఒక్క పిట్ట లేదు. ఐలవ్వ పరుగెత్తుతోంది, పులి పోయిన దిక్కుకే. ముందుకు చూడకుండా పరుగెత్తి, ఒర్రె వంపు తిరిగినచోట గట్టు మీంచి కిందికి పడింది.

"ఐలీ! ఐలీ!" అంటూ బీరయ్య ఒర్రెలోకి దూకి ఆమె దగ్గరికి పోయాడు. ఆమె కాలు మోకాలి కింద విరిగి పక్కకు తిరిగి ఉంది. అయినా రెండు చేతులతో ఇసుక మీద వెనక్కి వెనక్కి జరుగుతోంది. కళ్లు అతని ముఖం మీదే ఉన్నాయి. ఆ కళ్లలో అతన్ని ఎరిగిన జాడ లేదు.

"రాకు... రాకు..."

"నేనే ఐలీ..."

అతను పలికినకొద్దీ ఆమె విరిగిన కాలిని ఈడ్చుకుంటూ జరిగింది. గట్టుకు వీపు తగిలింది. ఇక పోవడానికి చోటు లేక రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

బీరయ్య ఆగిపోయాడు. నోరు మూసుకున్నాడు. తలరుమాలు తీసి నోటికి అడ్డంగా, వెనక ముడి వేసుకున్నాడు. ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని కదలకుండా ఉండిపోయాడు. చాలాసేపటికి ఐలవ్వ చేతులు దించి చూసింది. ఆ చూపు మెల్లగా మనిషి చూపయింది. "కాలు ఇరిగిందయ్యా" అంది. అప్పుడు అతను ఆమెను ఎత్తుకున్నాడు. ఊరిదాకా దించలేదు.

మంచిర్యాల ఆసుపత్రిలో కాలికి సిమెంటు కట్టు వేశారు. కూతురు ఒక్కతే ఉన్నప్పుడు ఐలవ్వ నెమ్మదిగా చెప్పింది.

"పులిని జూశిన బిడ్డా. పక్కకు మల్లి జూశిన, గిక్కడ్నే ఉన్నది. గప్పుడు గింత భయం కాలే. ఆయన గొంతు ఇన్నంకనే ఉరికిన. నన్ను కాపాడినోనికే భయపడ్డ. ఆయన మొకం జూస్తె ఎట్లుండె... గా మొకం నా కండ్లల్లకెళ్లి పోతలేదు."

డాక్టర్ సదాశివ ఆసుపత్రికే వచ్చాడు. ఐలవ్వను పరామర్శించి, పళ్లు బల్ల మీద పెట్టి, స్వరూపను వరండాలోకి పిలిచాడు.

"ఆ గొంతు తీయించేస్తారని నస్రీన్ చెప్పింది. అది మీ ఇష్టం. కానీ దానికి ముందు ఒక్కసారి ఆయన చేత పూర్తి గొంతుతో అరిపించి రికార్డు చేసుకుందాం. పులిని కూడా తరిమిందంటే మామూలు విషయం కాదమ్మా. గుంపులను అదుపుచేయడానికి ఇలాంటిది కావాలని అడుగుతున్నవాళ్లున్నారు. లాఠీ ఉండదు, తూటా ఉండదు. ఒక్క స్పీకరు. ఎవరికీ గీత కూడా పడదు."

"మా అవ్వ కాలు చూశారు కదా సార్."

"అది ప్రమాదం."

"గుంపులో ఎంతమంది అవ్వలుంటారు?"

సదాశివ ఇబ్బందిగా నవ్వాడు. "నువ్వు కాదంటే ఆగిపోతుందా? లాబ్‌లో మిగతా సగం ఉంది. పంపు పెట్టి ఊదితే వస్తుంది."

స్వరూప ఆ రాత్రి బస్సుకే హైదరాబాదు వెళ్లింది. పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే, ఉప్పునీటి తొట్టెలో మెత్తగా తేలుతున్న ఆ గొంతును బయటికి తీసింది. రాయిని మెత్తబరచడం ఆమె ఒక్కతే నేర్చింది. మెత్తబడినదాన్ని మళ్లీ రాయి చేయడం కూడా ఆమెకే తెలుసు. ఉప్పునీరు వంపేసి ఇనుపద్రావణం నింపింది. పొరలు మొదట ఎర్రబడ్డాయి, తరువాత గోధుమరంగుకు తిరిగాయి, ఆ పైన నల్లబడ్డాయి. మధ్యలో ఒకసారి గాలిబుడగ ఒకటి మడతల గుండా జారింది. ఆ చిన్న కదలికకే ఆమె తలుపువైపు ఒక అడుగు వేసింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది, వెళ్లలేదు. సదాశివ వచ్చేసరికి పట్టకారుతో తడితే ఖణేల్‌మంటోంది. ఇకమీద ఏ ఆమ్లం పోసినా పొడి రాలుతుందే తప్ప మెత్తబడదు.

అతను తొట్టెలోకి వంగి చూశాడు. "నీ జీవితంలో చేసిన పనంతా అది" అన్నాడు.

"తెలుసు సార్" అంది స్వరూప. తాళాలు అతని బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఇక ఆ ధ్వని లోకంలో మిగిలింది ఒక్క బీరయ్య మెడలోనే. నస్రీన్ ఆపరేషనుకు రోజు చెప్పింది. ఈసారి తీసేస్తే మళ్లీ పెట్టడానికి ఏమీ ఉండదని, పాతదానికంటే పెద్ద రంధ్రం పడుతుందని దాచకుండా చెప్పింది. బీరయ్య తలూపాడు. ఒర్రెలో నోటికి కట్టుకున్న రుమాలు అతను అన్నం తినేటప్పుడు తప్ప విప్పడం లేదు. ఒక్క మాట పలకలేదు.

బయల్దేరాల్సిన ముందురోజు మధ్యాహ్నం బీరయ్య ఇంట్లో కనిపించలేదు. ఐలవ్వ మంచంలోంచి దిబ్బలవైపు చూపించింది. స్వరూప వెళ్లింది. రికార్డరు తీసుకోలేదు.

అతను ఊరికి బాగా దూరంగా, నది కనిపించేచోట ఒక రాతి మీద కూర్చుని ఉన్నాడు. రుమాలు ఒళ్లో ఉంది. ఇంత దూరానికి మాట వినిపించదు. కానీ మాట్లాడుతున్నాడని తెలుస్తోంది, అతని చుట్టూ ఉన్న చెట్లలోంచి పిట్టలు గుంపులు గుంపులుగా లేచిపోతున్నాయి. ఒక కుందేలు స్వరూప కాళ్ల పక్కనుంచే ఊరివైపు ఉరికింది. అది పోయిన దిక్కుకే ఆమె కాళ్లూ తిరిగాయి.

ఆమె వాటిని వెనక్కి తిప్పుకుంది. ఒక్కో అడుగూ నదికి ఎదురీదుతున్నట్టు వేసింది. చెమటతో రవిక తడిసిపోయింది. పళ్లు టకటక కొట్టుకున్నాయి. రాతి దగ్గరికి చేరేసరికి నిలబడలేక కూలబడింది.

బీరయ్య ఆమెను చూసి గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆపకు బాపూ" అంది.

అతను చెయ్యి కొంచెం తీశాడు. "భయమైతలేదా బిడ్డా?"

"అయితాంది."

"మరి పోరాదు?"

"పోను. చెప్పు, ఎవరితోటి మాట్లాడుతున్నవ్?"

"మీ అవ్వతోటి" అన్నాడు బీరయ్య. "ఆమె ముందట చెప్పలేను గద. ఈడ కూసోని చెప్తాన్న. గాలికన్న చెప్పుదామని."

"నాకు చెప్పు. నేను అవ్వకు చెప్తా."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె రెండు చేతులతో రాతి అంచు పట్టుకుంది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఐలవ్వను పెళ్లికి ముందు జాతరలో చూసిన సంగతి. ఆమె వండే పచ్చిపులుసు సంగతి. తనకు మాట లేని రోజుల్లో తన పెదవులు చూసి ఆమె తన మాటను బయటికి చెబుతుంటే, అది తనకంటే ఆమె నోటనే బాగుండేదన్న సంగతి. మంద ఇక ఆమెదేనని, తాను వెనక నడుస్తానని. ఒర్రెలో ఆమె భయపడినందుకు తన మనసులో ఏమీ లేదని, ఆ చూపును మనసులో పెట్టుకోవద్దని. మధ్య మధ్య ఆగి, "అయిపోవచ్చింది బిడ్డా, ఇంక గింతే" అనేవాడు. స్వరూప తలూపేది. కళ్లముందు నల్లబడుతోంది. ఒంట్లో ప్రతి ఎముకా లెమ్మంటోంది. ఆమె ఒక్కో మాటనూ పట్టుకుని లోపల పదిలపరుచుకుంటూ కూర్చుంది. భయం ఒక్క రవ్వ కూడా తగ్గలేదు.

ఎంతసేపు మాట్లాడాడో, ఒకచోట అతనే ఆగిపోయాడు. రుమాలు తీసి నోటికి కట్టుకుని, కూతురిని లేవదీసి, తన భుజం ఆసరా ఇచ్చి నడిపించుకొచ్చాడు.

ఇంటికి వచ్చాక స్వరూప మంచం పక్కన నేల మీద కూర్చుని, అతను చెప్పిన వరుసలోనే, అతని మాటల్లోనే అంతా అవ్వకు చెప్పింది. బీరయ్య గడప దగ్గర నిలబడ్డాడు. ఐలవ్వ కూతురి వంక చూడలేదు. చెబుతున్నంతసేపూ గడపవైపే చూస్తూ విన్నది. అంతా అయ్యాక ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది.

"గిది చెప్పనీకె గంత దూరం పోవాల్నా?" అంది. కొంచెం జరిగి మంచంలో చోటు ఇచ్చింది. "ఇటు రా. కూసో."

అతను వచ్చి కూర్చున్నాడు.

స్వరూప చాయ్ పెడదామని లేచింది. పొయ్యి మీద గిన్నె పెట్టబోతే చేతులు నిలవలేదు. గిన్నె కింద పెట్టి, గోడకు ఆనుకుని, ఆ వణుకు తగ్గేదాకా ఆగుదామనుకుంది. బయట పొద్దు గూకింది. గుట్ట మీంచి మంద తనంతట తానే ఇంటిదారి పట్టిన చప్పుడు వినిపించింది. ఆమె చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.